చిన్న అభ్యర్థికి వేసిన ఓటు ఎటు పోతుంది?

ప్రశ్న: గెలవరని తెలిసిన అభ్యర్థికి ఓటేస్తే అది మురిగిపోయినట్టేనా?

శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. మిగిలిన ప్రతి ఒక్కరికంటే ఒక్కటి ఎక్కువ వస్తే చాలు. అందుకే ఓడిపోయే అభ్యర్థి కూడా గెలుపు ఎవరిదో తేల్చగలరు. 2020 దుబ్బాక ఉపఎన్నికలో టీఆర్‌ఎస్ 1,079 ఓట్ల తేడాతో బీజేపీ చేతిలో ఓడింది. చపాతీ రోలర్ గుర్తున్న స్వతంత్ర అభ్యర్థికి మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అది తమ కారు గుర్తులా కనిపించి తమ ఓటర్లు పొరబడ్డారని టీఆర్‌ఎస్ వాదన. ఎంతమంది పొరబడ్డారో, ఎంతమంది కావాలనే వేశారో ఈవీఎం చెప్పదు.

ప్రశ్న: అలాంటివారిని పోటీ నుంచి తప్పించవచ్చా?

కుదరదు. మరో అభ్యర్థితో పేరు కలిసిందనో, ఓట్లు చీలుతాయనో నామినేషన్‌ను తిరస్కరించే నిబంధన లేదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది, అంతే. పేర్ల అయోమయం తగ్గించడానికి 2015 నుంచి ఈవీఎంపై అభ్యర్థి ఫొటో ఉంటోంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది బరిలో నిలిచారు. వారిలో అత్యధికులు పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర అడిగిన రైతులే. వారిని ఓట్లు చీల్చేవాళ్లనడం అన్యాయం. లోపం లెక్కింపు పద్ధతిలో ఉంది.

ప్రశ్న: నోటా ఎక్కువ వస్తే?

అభ్యర్థుల్లో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు.

ప్రశ్న: మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ పెడితే ఓట్ల చీలిక సమస్య తీరుతుందా?

పూర్తిగా తీరదు. 2002 ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక మొదటి విడతలో 16 మంది పోటీచేశారు. వామపక్ష ఓట్లు చీలి, ప్రధాని జోస్పాన్ 16.18 శాతంతో మూడో స్థానంలో ఆగిపోయారు. 16.86 శాతంతో తీవ్ర మితవాద నేత లెపెన్ రెండో విడతకు వెళ్లారు.

ప్రశ్న: చిన్న అభ్యర్థి ఓటును రెండోసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి మనకుందా?

ఉంది. రాష్ట్రపతి ఎన్నికలోనూ, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలోనూ ప్రాధాన్య ఓటే, అంటే ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తారు. 1969లో ఇద్దరు తెలుగువారు, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ దక్కింది. గెలుపుకు కావాల్సిన కోటా 4,18,169 ఎవరికీ అందలేదు. కిందివారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ వారి పత్రాల్లోని తరువాతి ప్రాధాన్యాలను పంచారు. దేశ్‌ముఖ్ వైపు ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డికే వెళ్లి, 88 వేల దూరం 15 వేల లోపుకు తగ్గింది. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. మూడో అభ్యర్థిని బలపరిచినవారి మాట కూడా తీర్పులో కలిసింది. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవానికి కారణం అదే.

ప్రశ్న: ఎమ్మెల్సీ బ్యాలెట్‌పై 1 వేసి ఊరుకోవచ్చా?

చెల్లుతుంది. కానీ మీ అభ్యర్థిని తొలగించాక మీ ఓటు అక్కడితో ఆగిపోతుంది. 2 వేస్తే మొదటివారికి నష్టమేమోనని చాలామంది జంకుతారు. వారు బరిలో ఉన్నంతవరకు ఆ 2ను ఎవరూ లెక్కించరు. 1 తప్పనిసరి, అదీ ఒక్కరికే. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదా స్కెచ్ పెన్‌తో అంకెలే వేయాలి. టిక్కు, సంతకం, అక్షరాల్లో రాసిన ‘ఒకటి’ చెల్లవు.