కాజీపేట కూడలి

రెండు లేక అంతకంటే ఎక్కువ రైలుమార్గాలు కలిసే స్టేషన్‌ను జంక్షన్ అంటారు. ప్రయాణికునికి అది బండి మారే చోటు; ఆ ఊరి ప్రజలకు జీవనాధారం. హనుమకొండ, వరంగల్లులతో కలిసి త్రినగరిగా పేరొందిన కాజీపేట ఇందుకు చక్కని నిదర్శనం.

హైదరాబాదు సంస్థానంలో తొలి రైలుమార్గం 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు ఏర్పడింది. దానిని తూర్పున బెజవాడకు, ఉత్తరాన చాందాకు పొడిగించే పనిని 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే ఆంగ్లేయుల కంపెనీకి అప్పగించారు. కంపెనీ పెట్టుబడిపై నూటికి 5 రూపాయల వడ్డీని ఖజానా నుండి చెల్లిస్తామన్న హామీయే ఆ పేరులోని గ్యారంటీ. నష్టం వస్తే భారం ప్రజలదే. కనుక ఒప్పందపు షరతులను బహిరంగపరచాలని నగరంలోని విద్యావంతులు ఆందోళన చేశారు. వారిలో ముఖ్యుడు, సరోజినీనాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ. ఆయనను ప్రభుత్వం ఆ సంవత్సరమే సంస్థానం నుండి బహిష్కరించింది.

రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. ఉత్తరపు శాఖ మాత్రం దశాబ్దాల పాటు ఆగిపోయింది. హైదరాబాదు నుండి ఉత్తరాదికి వెళ్ళేవారు పశ్చిమాన వాడి లేక మన్మాడ్ మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. కాజీపేట నుండి గోదావరిని దాటి, చాందా చెంతనున్న బల్లార్షా వరకు సాగిన మార్గం 1929లో పూర్తయింది. దానితో ఢిల్లీ, మద్రాసుల మధ్య సూటి దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ సంవత్సరమే ఆరంభమయింది. బెల్లంపల్లి, రామగుండం గనుల బొగ్గు దూరప్రాంతాలకు తరలడానికీ ఈ మార్గమే ఆధారమయింది.

ఇంజన్ల మరమ్మతుకు లోకో షెడ్లు, సిబ్బందికి రైల్వే క్వార్టర్లు వెలిశాయి. డ్రైవర్లు, గార్డులు, గ్యాంగ్‌మన్లు, వారిని నమ్ముకున్న చిరువ్యాపారులతో చిన్న ఊరు పట్టణమయింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు కాజీపేట అందులో చేరింది. నేడు సికింద్రాబాదు నుండి వచ్చే బళ్ళు ఇక్కడే ఢిల్లీ వైపు, విజయవాడ వైపు చీలిపోతాయి. ఢిల్లీ, చెన్నైల మధ్య నడిచే బళ్ళలో అనేకం వరంగల్లులో ఆగి, జంక్షన్‌లోకి రాకుండానే పక్కదారిన సాగిపోతాయి.

కూడలి వల్ల దేశానికి కలిగిన మేలులో స్థానికుల వాటా ఎంత అన్న ప్రశ్న కూడా ఇక్కడ తలెత్తింది. కాజీపేటకు వస్తుందని 1980ల ఆరంభంలో ఆశించిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబులోని కపుర్తలాకు తరలింది. ఆ కోరిక తరతరాల ఉద్యమంగా సాగింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యతను పరిశీలించాలని పేర్కొన్నది. చివరకు 2023 జూలై 8న, 500 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో తలపెట్టిన రైల్వే తయారీ కర్మాగారానికి ప్రధానమంత్రి వరంగల్లులో శంకుస్థాపన చేశారు.

భారం మోసేదెవరు, ఫలం పొందేదెవరు అని 1883లో విద్యావంతులు అడిగారు. ఈ కర్మాగారంలో స్థానిక యువతకు దొరికే పనిని బట్టే ఆ ప్రశ్నకు కాజీపేట సమాధానం చెప్పుకొంటుంది.