లైనక్సు కంప్యూటరునకు మొబైలు మోడెమును కూర్చు విధము

పాతపట్నమునందును, దాని చుట్టుపట్ల పల్లెలయందును పాత కంప్యూటరు గల యిండ్లు కొన్ని గలవు. కార్యాలయమున వాడి తీసివేసినదో, పట్టణమున చదువు ముగించిన అన్నగారు విడిచిపోయినదో, తక్కువ వెలకు కొనినదో, ఏదైనను ఒకటి. అందలి విండోసు మందగించి కదలకున్నప్పుడు లైనక్సును ఎక్కించినచో అట్టి యంత్రము మరల కొన్నియేండ్లు చక్కగా పనిచేయును. కాని ఇంటర్నెట్టు లేని కంప్యూటరు విద్యార్థికి సగమే ఉపయోగము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధిచే పాఠశాలలు మూతపడినప్పుడు ఈ సంగతి ప్రతి తల్లికిని తండ్రికిని తెలియవచ్చినది.

తీగ లేని యింటికి ఇంటర్నెట్టు తెచ్చు సాధనములలో యు.ఎస్.బి. మోడెము ఒకటి. దీనిని అంగళ్లలో డాంగిలనియు, డేటా కార్డనియు, నెట్‌సెట్టరనియు పిలుతురు. బొటనవ్రేలంత యుండు ఈ పరికరములో సిమ్ కార్డు నుంచి కంప్యూటరు ప్రక్కనున్న రంధ్రమున గ్రుచ్చుటయే పని. అయినను లైనక్సు వాడువారికి దుకాణములో ఒక మాట తఱచుగా వినబడుచుండును: ఇది విండోసులోనే పనిచేయును, లైనక్సులో చేయదు అని. ఈ మాట విని మంచి పరికరములను మూల పడవైచినవారిని మేమెఱుంగుదుము. ఆ మాట చాలవఱకు నిజము కాదు. అది యేల పుట్టినదో తెలిసికొనినచో పని సగము ముగిసినట్లే గావున, ముందుగా ఆ కారణమునే విచారింతము.

లైనక్సు 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించినది. దాని మూలలిపిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, వెల లేక పంచిపెట్టవచ్చును. మన తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో పనిచేయు లైనక్సును సిద్ధపఱచి ప్రచారము చేసిరి. డాంగిళ్లను చేయు కర్మాగారములు మాత్రము తమ సహాయక కార్యక్రమములను విండోసు కొఱకే వ్రాసి యిచ్చెడివి. లైనక్సునకు వలసిన భాగములను లోకమునందలి ఔత్సాహికులే వ్రాసికొనిరి.

మోడెము అను పేరు మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు మాటల కలయిక. కంప్యూటరులోని అంకెలను తీగపైనగాని గాలిలోనగాని పోగల తరంగములుగా మార్చుట మొదటి పని, వచ్చిన తరంగములను మరల అంకెలుగా మార్చుట రెండవ పని. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించినప్పుడు మోడెమనగా టెలిఫోను తీగకు తగిలించు పెట్టె. ఆ పెట్టెలతో మాటలాడుటకు అమెరికాలోని హేస్ అను సంస్థవారు 1981లో ఒక చిన్న భాషను ఏర్పఱచిరి. అందలి యాజ్ఞలు చాలవఱకు ఎ, టి అను అక్షరములతో మొదలగును. ఇవి అటెన్షన్ అను ఆంగ్లపదమునకు సంక్షేపము. అనగా 'ఇటు వినుము' అని మోడెమును హెచ్చరించుట. మనము నేడు కొను డాంగిళ్లలో పెక్కింటికి ఇప్పటికిని ఆ భాష తెలియును. తీగ పోయినది, పెట్టె పోయినది, భాష మాత్రము నిలిచినది.

ఇక అసలు చిక్కునకు వత్తము. డాంగిలు తొలుత కంప్యూటరునకు తాను మోడెమునని చెప్పదు, సి.డి. పళ్లెమునని చెప్పును! కర్మాగారమువారు విండోసు కార్యక్రమమును వేఱుగా పళ్లెములో నిచ్చుట ఖర్చని యెంచి, దానిని డాంగిలు లోపలనే దాచిరి. విండోసు ఆ బూటకపు పళ్లెమును చదివి, అందలి కార్యక్రమమును నడుపును. ఆ కార్యక్రమము డాంగిలునకు ఒక సంకేతము పంపును. అంతట డాంగిలు పళ్లెపు వేషమును విడిచి మోడెమై నిలుచును. లైనక్సులో ఆ విండోసు కార్యక్రమము నడువదు గనుక సంకేతము పంపువారు లేరు. డాంగిలు వేషము మార్చక పళ్లెముగానే కూర్చుండును. చూచువారు పరికరము చెడినదనియో, లైనక్సునకు చేతకాదనియో తలంతురు. రెండును కావు. సంకేతము నిచ్చువారు లేకపోవుటయే లోపము.

దీనిని కన్నులార చూడవచ్చును. టెర్మినలు అను ఆజ్ఞల కిటికీని తెఱచి, ఎల్, ఎస్, యు, ఎస్, బి అను అయిదు అక్షరములను ఎడము లేక చిన్న బడిలో వ్రాసి ఎంటరు మీట నొక్కవలయును. యు.ఎస్.బి. రంధ్రములకు తగిలియున్న సమస్త పరికరముల పట్టిక వచ్చును. ప్రతి పరికరమునకును రెండు సంఖ్యలుండును. మొదటిది కర్మాగారపు సంఖ్య, రెండవది పరికరపు సంఖ్య. హువావే వారి సంఖ్య 12డి1, జడ్.టి.ఇ. వారి సంఖ్య 19డి2. (ఇవి పదునాఱు అంకెల లెక్కలోనివి గావున నడుమ అక్షరము వచ్చినది.) హువావే డాంగిళ్లలో పెక్కు 12డి1:1446 అని కనబడినచో అది పళ్లెపు వేషము. జడ్.టి.ఇ. వానిలో 19డి2:2000 అట్టిదే. డాంగిలును తగిలించిన వెంటనే ఒకసారియు, అర నిమిషము గడచిన పిమ్మట మరియొకసారియు ఈ యాజ్ఞను ఇచ్చి చూడవలయును. రెండవ సంఖ్య మాఱినచో వేషము మాఱినదన్నమాట.

మాఱనిచో ఏమి చేయవలయును? ఆ సంకేతమును లైనక్సు నుండి పంపుటకు యు.ఎస్.బి. మోడ్‌స్విచ్ అను చిన్న కార్యక్రమము గలదు. జోసువా డీట్జ అను నతడు దీనిని వ్రాసెను. ఏ సంఖ్య గల పరికరమునకు ఏ సంకేతము పంపవలయునో తెలుపు జాబితా దానితోపాటు వేఱొక పొట్లముగా వచ్చును. రెండును ఉండవలయును. ఉబుంటు, మింటు మున్నగు రకములలో ఇవి సాధారణముగా ముందే చేర్చబడియుండును. లేనిచో తెచ్చికొనవలయును. ఇచటనొక వింత గలదు. ఇంటర్నెట్టు వచ్చుటకు ఈ పొట్లములు వలయును, పొట్లములు వచ్చుటకు ఇంటర్నెట్టు వలయును! దీనికి మార్గము, స్నేహితుని కంప్యూటరులో ఆ రెండు పొట్లములను దింపి పెన్‌డ్రైవులో తెచ్చికొనుట. మన లైనక్సు ఏ రకమో, ఏ సంచికయో కాగితముపై వ్రాసికొని పోవుట మఱువరాదు. ఒక సంచికకు చేసినది మరియొకదానికి అతుకకపోవచ్చును. జడ్.టి.ఇ. డాంగిళ్లు కొన్నింటికి ఇంత శ్రమయు లేదు. ఫైళ్ల కిటికీలో కనబడు ఆ పళ్లెమును 'ఎజెక్టు' చేసినంతనే అవి మోడెములుగా మాఱును.

వేషము మాఱిన పిమ్మట లైనక్సులోని ఆప్షన్ అను డ్రైవరు డాంగిలును గుర్తించి, టి.టి.వై.యు.ఎస్.బి. అను పేరున సున్న, ఒకటి, రెండు అని సంఖ్యలు గల ద్వారములను ఏర్పఱచును. ఒక డాంగిలునకు ఇన్ని ద్వారములేల యన్నచో, ఒకటి సమాచారము నడచుటకు, మిగిలినవి ఆజ్ఞలకును ఇతర పనులకును. తరువాతి పని నెట్‌వర్క్ మేనేజరు అను భాగముది. తెఱ మూలనున్న నెట్‌వర్కు గుర్తును నొక్కి, క్రొత్త మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సంబంధమును కోరినచో అది దేశమును, సంస్థను అడుగును. ఇండియా అనియు, సిమ్ ఏ సంస్థదో ఆ పేరును ఎన్నుకొనవలయును. ఎ.పి.ఎన్. అను గడి ముఖ్యము. సంస్థవారి జాలములోనికి పోవు వాకిలి పేరది. బి.ఎస్.ఎన్.ఎల్. వారికి బిఎస్ఎన్ఎల్‌నెట్ అనియు, ఎయిర్‌టెల్ వారికి ఎయిర్‌టెల్‌జిపిఆర్ఎస్.కామ్ అనియు, జియో వారికి జియోనెట్ అనియు ఆంగ్లపు చిన్న బడిలో ఎడము లేక వ్రాయవలయును. ఒక అక్షరము తప్పినను వాకిలి తెఱువబడదు.

లోపల జరుగు సంభాషణను వినగోరు విద్యార్థులు మినికామ్ అను కార్యక్రమముతో ఆజ్ఞల ద్వారమును తెఱచి స్వయముగా మాటలాడవచ్చును. డెబియను, ఉబుంటులలో ఇందుకు తమ పేరు డయలౌటు అను సమూహములో చేరియుండవలయును. ఎ, టి అని వ్రాసి ఎంటరు నొక్కినచో మోడెము ఓకే యని బదులిచ్చును. ఎటి+సిఎస్‌క్యూ అని అడిగినచో సంకేతబలమును 0 నుండి 31 వఱకు గల సంఖ్యగా చెప్పును. 99 అనినచో బలము తెలియలేదని యర్థము. ఆ సంఖ్యను రెట్టించి 113 నుండి తీసివేసి, ముందు ఋణచిహ్న ముంచినచో డి.బి.ఎమ్. అను ప్రమాణములో బలము వచ్చును. 10 అనినచో −93, 20 అనినచో −73. ఋణసంఖ్య గనుక −73 యే మేలైనది. బలము తక్కువైనచో డాంగిలును యు.ఎస్.బి. పొడిగింపు తీగకు తగిలించి కిటికీ యొద్ద ఎత్తుగా ఉంచి మరల అడిగి చూడవలయును. కొండల నడుమనున్న పల్లెలలో ఈ యుపాయము ఖరీదైన పరికరముకంటె మేలు. అంకెయే సాక్ష్యము, ఊహ అక్కఱలేదు. ఇంటర్నెట్టును పిలుచుటకు ఎటిడి అని వ్రాసి, దాని వెంట *99# చేర్చుటయే. నెట్‌వర్క్ మేనేజరు తెఱ వెనుక పాత డాంగిళ్లతో చేయించు పనియు ఇదియే. కాని రెండు కార్యక్రమములు ఒకే ద్వారమును ఒకేసారి పట్టుకొనినచో రెండును చెడును గావున, ఈ ప్రయోగము సంబంధము లేనప్పుడే చేయవలయును.

ఇతర ప్రాంతపు పుస్తకములలో కనబడని చిక్కు మన పాతపట్నమున కొకటి గలదు. సరిహద్దు కావలనే పర్లాకిమిడి యున్నది. టెలిఫోను లెక్కలో మనది ఆంధ్రప్రదేశ్ సర్కిలు, అది ఒడిశా సర్కిలు. మన యింటి కిటికీకి ఆంధ్ర టవరుకంటె ఒడిశా టవరే దగ్గఱగా నుండవచ్చును. స్వంత జాలము సరిగా అందనప్పుడు మోడెము ప్రక్క సర్కిలు జాలమును పట్టుకొనవచ్చును.  అప్పుడు మన సిమ్ మన యింటనే యుండి రోమింగు చేయుచున్నట్లు లెక్క. సంబంధపు గడులలో రోమింగునకు అనుమతి లేకున్నచో బలము నిండుగా కనబడుచునే సంబంధము కుదురదు, కారణమును తెఱపై ఎవరును చెప్పరు. ఎటి+సిఆర్ఇజి? అని అడిగినచో రహస్యము బయటపడును. జవాబులో రెండవ అంకె 1 అయినచో స్వంత జాలము, 5 అయినచో రోమింగు.

దీనికి రెండు మార్గములు గలవు. రోమింగునకు అనుమతించు గడిలో గుర్తు పెట్టుట ఒకటి. జాలపు సంఖ్యను వ్రాసి, దానినే పట్టుకొనుమని నిర్బంధించుట మరియొకటి. బి.ఎస్.ఎన్.ఎల్. వారి ఆంధ్ర సర్కిలునకు 40473, ఒడిశా సర్కిలునకు 40476. నిర్బంధించినప్పుడు ఆంధ్ర టవరు బలహీనమైనచో సంబంధము తెగుచుండును గావున మొదటి మార్గమే మాకు నచ్చినది. రుసుము సంగతి యనగా, ఎయిర్‌టెల్ వారు దేశములోని రోమింగు రుసుమును 2017 ఏప్రిలు 1 నుండి ఎత్తివేసిరి. అయినను తమ సిమ్ పథకపు నిబంధనలను ఒకసారి చదివికొనుట మంచిది.

సంబంధము కుదిరినను పుటలు తెఱచుకొనకపోవుట మరియొక సాధారణమైన బాధ. అప్పుడు టెర్మినలులో పింగ్ అను ఆజ్ఞతో 8.8.8.8 అను చిరునామాను పిలిచి చూడవలయును. జవాబు వచ్చినచో దారి బాగుగనే యున్నది, పేర్లను సంఖ్యలుగా మార్చు డి.ఎన్.ఎస్. మాత్రము దొరకలేదు. సంబంధపు గడులలో డి.ఎన్.ఎస్. చిరునామాగా ఆ సంఖ్యనే వ్రాసినచో సరిపోవును. మరియు లైనక్సు తన నవీకరణములను తానుగా దింపుకొనుచుండును. ఒకే రాత్రిలో విద్యార్థి నెలసరి డేటా కరగిపోవచ్చును. సంబంధమును 'మీటర్డు' అని గుర్తించి, నవీకరణములను చేతితో మాత్రమే జరుగునట్లు మార్చుకొనవలయును.

పాత డాంగిలును కొనువారు తరమును విచారింపక కొనరాదు. 1900వ సంవత్సరమున నౌపడా నుండి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుదారి వెడల్పు రెండడుగుల ఆఱంగుళములు. ఆ దారిని బ్రాడ్‌గేజికి మార్చిన పిమ్మట పాత పెట్టెలు ఎంత చక్కనివైనను దానిపై నడువవు. డాంగిళ్ల స్థితియు అట్టిదే. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ అను పేర్లతో వచ్చిన సి.డి.ఎమ్.ఎ. డాంగిళ్లకు నేడు సేవయే లేదు. ఎయిర్‌టెల్ వారు 2019లో కలకత్తాతో మొదలిడి 3జి సేవను తీసివేసిరి. జియో 2016 సెప్టెంబరు 5న మొదలైనప్పటినుండియు 3జి ఎఱుగదు. కావున 4జి గలదో లేదో చూచి కొనవలయును. 4జి డాంగిళ్లలో హైలింకు అను రకము మిక్కిలి సుకరము. అది డయలు చేయవలసిన మోడెముగా గాక, నెట్‌వర్కు తీగవలె కనబడును. బ్రౌజరులో 192.168.8.1 అని వ్రాసినచో దాని పుట తెఱచుకొనును. ఎ.పి.ఎన్. మున్నగునవి అచటనే వ్రాయవచ్చును.

విద్యుత్తు స్తంభములపై వచ్చు ఫైబరు తీగ గల యింటివారికిని డాంగిలు ఒకటి ఉండుట మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస యొద్ద తీరము దాటినప్పుడు శ్రీకాకుళము జిల్లాలో వేలకొలది స్తంభములు కూలెను. టవరునకు విద్యుత్తు లేకున్నచో డాంగిలును మూగయే యగును గాని, టవరు జనరేటరుతో మేల్కొనినంతనే అది పలుకును, తీగ పలుకదు. డాంగిలు లేనివారికి చేతిలోని ఫోనే చాలును. ఫోనును యు.ఎస్.బి. తీగతో తగిలించి, అమరికలలో యు.ఎస్.బి. టెథరింగును తెఱచినచో లైనక్సు దానిని సాధారణముగా వెంటనే గుర్తించును. పైన చెప్పిన మోడ్‌స్విచ్ పొట్లములను దింపుకొనుటకును ఇదియే దగ్గఱ దారి.