వాటన్ స్టేషను: మూతపడిన యొక పల్లెటూరి రైలుదారి

బకింగ్‌హాం కాలువ పేరు మన తీరసీమలయందు విననివారరుదు. పెదగంజామునొద్ద కృష్ణా డెల్టాకాలువలతో గలిసి, నెల్లూరిసీమ సముద్రతీరము వెంబడి సాగి, చెన్నపట్టణము దాటి దక్షిణమునకు బోవు నా కాలువపై బూర్వము బియ్యము, ఉప్పు, వంటచెఱకు పడవలలో బోవుచుండెను. ఆ కాలువకు దన పేరిచ్చిన బకింగ్‌హాం డ్యూకు ఎవరు? ఆయన మన దేశమునకు వచ్చుటకు ముందే తన స్వస్థలమున నొక చిన్న రైలుదారిని నిర్మించియుండెను. ఆ దారిలోని వాటన్ అను స్టేషను నేడు లేదు. దాని చరిత్రము చిన్నదైనను విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు వాయవ్యదిశయందు బకింగ్‌హాంషైర్ అను జిల్లా కలదు. అందు వాటన్ అండర్‌వుడ్ అను పల్లెలో వాటన్ హౌస్ అను గొప్ప భవనమున్నది. అది పదునెనిమిదవ శతాబ్దారంభమున గట్టబడి, 1820లో నగ్నిప్రమాదమునకు లోనై, సర్ జాన్ సోన్ అను శిల్పిచే బునర్నిర్మింపబడెను. 1763 మొదలు 1765 వఱకు బ్రిటిషు ప్రధానమంత్రిగా నుండిన జార్జి గ్రెన్విల్ ఆ భవనమునకు ప్రభువు. మన కాలువకు బేరు వచ్చిన మూడవ బకింగ్‌హాం డ్యూకు ఆ వంశమువాడే. ఆయన 1823లో జన్మించెను.

ఈయన తండ్రి యాడంబరప్రియుడు. పది లక్షల పౌనులకు మించిన ఋణమున మునిగెను. 1848లో వారి ముఖ్యభవనమగు స్టో నందలి సామగ్రి నలువది దినములు వేలము వేయబడెను. ఆ యవమానమును గన్నులార జూచిన కుమారుడు దుబారా మాని, కష్టపడి పనిచేయుట నేర్చుకొనెను. 1853 మొదలు 1861 వఱకు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే సంఘమునకు నధ్యక్షుడుగా నుండి రైళ్ల వ్యవహారమును జక్కగా నెఱిగెను.

1868లో ఐల్స్‌బరీ పట్టణము నుండి ఉత్తరమునకు నొక రైలుమార్గము తెఱువబడెను. దానిపై క్వెయింటన్ రోడ్ అను స్టేషను కలదు. వాటన్ నుండి యచ్చటికి సరకులను జేర్చుటకు మట్టిదారులు తప్ప వేఱుమార్గము లేకుండెను. వానకాలమున నా బంకనేలపై బండ్లు కదలుట కష్టము. కావున డ్యూకు క్వెయింటన్ రోడ్ నుండి తన గ్రామమునకు స్వయముగా దారి వేయించుటకు 1870లో బూనుకొనెను. ఇంగ్లండున రైలుమార్గము వేయుటకై యితరుల భూమిని బలవంతముగా గొనవలెనన్న బార్లమెంటు చట్టము కావలెను. ఈ దారి పోవు భూమి చాలవఱకు డ్యూకుదే. మిగిలిన భాగము నొక ధర్మసంస్థ సమ్మతించి యిచ్చెను. కావున చట్టము లేకయే పని సాగెను. 1871వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన దారి వాటన్ వఱకు దెఱువబడెను. బ్రిల్ గ్రామస్థులు తమ యూరివఱకు దారి పొడిగింపుమనియు, మనుష్యులను గూడ నెక్కించుకొనుమనియు వేడుకొనగా డ్యూకు రెంటికి నంగీకరించెను. 1872 జనవరి నుండి ప్రయాణికుల బండ్లు నడచెను. ఆ వసంతమున దారి బ్రిల్ చేరెను. మొత్తము పొడవు ఇంచుమించు ఆరున్నర మైళ్లు.

ఈ దారి నిర్మాణమున నొక విశేషము కలదు. సామాన్యముగా రైలుపట్టాల క్రింద దూలములు అడ్డముగా నుండును. ఇచ్చట మొదట బండ్లను లాగినవి గుఱ్ఱములు. అడ్డదూలములు గుఱ్ఱముల కాళ్లకు దగిలి యవి తొట్రుపడునని, పట్టాల క్రిందనే నిలువునను దూలములు పఱచిరి. తేలికపట్టాలగుటచే బరువైన యింజనులు వానిపై నడువజాలవు. 1872లో అవెలింగ్ అండ్ పోర్టర్ కర్మాగారము నుండి రెండు చిన్నయింజనులను దెప్పించిరి. అవి రోడ్డుపై నడచు నావిరియింజనుల పోలిక గలవి. పెద్ద చక్రమొకటి తిరుగుచుండ, గొలుసుచే బండిచక్రములు త్రిప్పబడుచుండెను. వాని పరమవేగము గంటకు ఎనిమిది మైళ్లు మాత్రమే. దారి యీ కొననుండి యా కొనకు జేరుటకు నించుమించు గంటన్నర పట్టెడిది!

వేగము లేకున్నను దానివలని లాభము గొప్పది. బొగ్గు, ఎరువు లోనికి వచ్చుచుండెను. పాలు, గడ్డి, ఇటుకలు, కలప వెలుపలికి బోవుచుండెను. పల్లెలోని పాడిరైతు పాలు చెడకముందే వానిని బట్టణమునకు బంపగలిగెను. ప్రక్కనున్న వాడ్జ్‌డన్‌లో ఫెర్డినాండ్ డి రాత్‌షీల్డ్ ప్రభువు మహాభవనము గట్టించునపుడు రాళ్లును ఇటుకలును ఈ దారిమీదనే చేరెను.

1875లో డ్యూకు చెన్నరాష్ట్ర గవర్నరుగా వచ్చెను. మరుసటి సంవత్సరమే దక్షిణదేశమున ఘోరమైన క్షామము పుట్టి 1878 వఱకు నుండెను. లక్షలకొలది జనులు మృతిజెందిరి. 1877 ప్రారంభమున, వ్యయము తగ్గింపుమని కేంద్రప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, క్షామపుపనులలోని పురుషునకు దినకూలిని ఒక పౌను ధాన్యపువెలకును గొంచెము పైకమునకును దగ్గించెను. అంత స్వల్పాహారముతో మన్ను త్రవ్వువాడు క్షీణించునని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఆ వేసవిలో చెన్నప్రభుత్వము కూలిని హెచ్చించెను. ఆ కాలముననే చెన్నపట్టణమున కూవము, అడయారు నదులను గలుపు కాలువభాగమును క్షామపీడితులచే ద్రవ్వించి, 1878లో మొత్తము కాలువకు గవర్నరు పేరు పెట్టిరి. కాలువ యంతయు నాయన కాలముననే పుట్టినది కాదు. చెన్నపట్టణమున కుత్తరమున దాని మొదటిభాగము 1806 నాటికే త్రవ్వబడియుండెను. ప్రభువు పేరు నిలిచెను. ఆకలితో పాఱలెత్తినవారి పేర్లు మాత్రము నిలువలేదు.

డ్యూకు 1880లో స్వదేశమునకు మరలి 1889లో గతించెను. ఆయన దేహము వాటన్ నందే సమాధి చేయబడెను. పురుషసంతానము లేకపోవుటచే డ్యూకు బిరుదు ఆయనతో నంతరించెను. దారిని ఆక్స్‌ఫర్డు నగరము వఱకు బొడిగింపవలెనను యత్నము ఫలింపలేదు. 1899లో మెట్రోపాలిటన్ రైల్వే దానిని నడుపుటకు బూనుకొనెను. 1906లో మఱియొక పెద్దమార్గము వాటన్ సమీపముగా బోయి, అదే పేరుతో వేఱొక స్టేషను వెలసెను. అంతట రోడ్లపై మోటారులు, లారీలు వచ్చెను; పాలును మనుష్యులును వానిమీద బోవసాగిరి.

1933లో మెట్రోపాలిటన్ రైల్వే లండన్ ప్రయాణసాధనముల బోర్డులో గలిసెను. ఐల్స్‌బరీకి ఆవలనున్న పల్లెమార్గములు లాభకరములు కావని బోర్డు నిశ్చయించెను. 1935 నవంబరు 30వ తేదీ రాత్రి కడపటి బండి నడచెను. అది స్టేషను స్టేషనునొద్ద నాగి యుద్యోగులను, దస్త్రములను ఎక్కించుకొనుచు బోయెనట. మరుసటి సంవత్సరము దారిసామగ్రి వేలము వేయబడెను. 1906 నాటి రెండవ వాటన్ స్టేషనును 1953లో మూతబడెను. వాటన్ హౌసు సైతము 1957లో గూల్చివేతకు సిద్ధమైయుండగా నొక స్త్రీ కొని కాపాడెను. క్వెయింటన్ రోడ్ స్టేషను నేడు రైళ్ల ప్రదర్శనశాలగా నున్నది. ఆ గుఱ్ఱపునడక యింజనులలో నొకటి నేటికిని భద్రముగా నున్నది.

విద్యార్థులారా, ఈ కథలో మనము గమనింపవలసినదేమి? పనికివచ్చుటకై కట్టినది పనికివచ్చినంతకాలమే బ్రదుకును. వాటన్ దారి యరువదినాలుగేండ్లు పాలును బొగ్గును మోసినది. లారీ వచ్చినంతనే తన పనిని దానికి నప్పగించి తొలగినది. మన కాలువయు రైళ్లు, లారీలు వచ్చినపిదప పడవలను గోలుపోయి చాలచోట్ల పూడిపోయెను. ఐనను 2004లో సునామీ తీరమును మ్రింగవచ్చినపుడు ఆ కాలువ కొంత నీటిని దనలోనికి దీసికొని యనేకుల ప్రాణములు గాచెనని పరిశీలకులు చెప్పిరి. త్రవ్వినవా రెన్నడు నూహింపని మేలు అది. కావున మీ యూరి సమీపమున బాడైన వంతెనగాని, లాకుగాని, మూతపడిన స్టేషనుగాని కనబడినపుడు ఊరక దాటిపోకుడు. దానిని ఎవరు కట్టించిరి, ఎవరి చేతులు కట్టెను, ఎవరికి నేమి మోసెను అని యూరి పెద్దల నడిగి వ్రాసికొనుడు. పేరుపలకలపై ప్రభువుల పేర్లుండును. త్రవ్వినవారి కథను గాపాడవలసినవారు మీరే.