తీతువు ఎందుకు కూసింది?

రంగారెడ్డి జిల్లాలో శంషాబాద్ ఉంది. అక్కడ 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం మొదలైంది. అంతకు ముందు హైదరాబాదుకు వచ్చే విమానాలు బేగంపేటలో దిగేవి. కొత్త విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉంది. దాని చుట్టుపక్కల పల్లెలు ఉన్నాయి. జొన్న చేలు, మక్క చేలు ఉన్నాయి. చెరువుల కింద వరి మళ్లు ఉన్నాయి. అలాంటి ఒక పల్లెలోని అత్తాకోడళ్ల కథ ఇది.

రాత్రి కూత

అది ఎండాకాలం. అర్ధరాత్రి దాటింది. ఇంటి వెనక బీడులో తీతువు పిట్ట కూసింది. ఆగి ఆగి మళ్లీ కూసింది. అత్త లేచి కూర్చుంది. ఆమెకు మళ్లీ నిద్ర పట్టలేదు.

తెల్లవారింది. కోడలు వాకిలి ఊడుస్తోంది. అత్త ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది అత్తమ్మా? పానం బాగలేదా?"

"రాత్రి తీతువు కూసింది బిడ్డా. తీతువు కూస్తే కీడంటరు. చిన్నోడు దుబాయిల ఉన్నడు. వానికేమన్న అయితదేమో అని గుండె కొట్టుకుంటుంది."

కోడలుకు కూడా భయం వేసింది. కాని ఆమె ఊరుకోలేదు. చీపురు పక్కన పెట్టి బీడులోకి వెళ్లింది. అత్త వెనకాలే వచ్చింది.

బీడులో ఒక వీధి కుక్క తిరుగుతోంది. తీతువు దాని నెత్తి మీదుగా ఎగురుతోంది. గట్టిగా అరుస్తోంది. కుక్కను దూరంగా తరుముతోంది. కోడలు కుక్కను అదిలించింది. తరువాత మెల్లగా అడుగులు వేస్తూ నేలంతా వెతికింది. ఒక చోట చిన్న చిన్న రాళ్లు గుండ్రంగా పేర్చినట్టు ఉన్నాయి. వాటి మధ్య నాలుగు గుడ్లు ఉన్నాయి. మట్టి రంగు గుడ్లు. వాటి మీద నల్లటి మచ్చలు. దగ్గరికి వెళ్లినా కంటికి ఆనవు.

"చూసినవా అత్తమ్మా! ఇది చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదనే గుడ్లు పెడతది. రాత్రి కుక్కో నక్కో వచ్చి ఉంటది. పిల్లల కోసం అరిచింది. మన చిన్నోని సంగతి దానికేం తెలుసు?"

అత్త చాలాసేపు ఆ గుడ్లను చూసింది.

"అయితే ఇది కూడా నాలెక్కనే. పిల్లల కోసం నిద్ర పోతలేదు," అంది.

ఆ సాయంత్రం దుబాయి నుంచి ఫోను వచ్చింది. చిన్న కొడుకు బాగానే ఉన్నాడు.

నోటుబుక్కులో పిట్టలు

కోడలు కొత్తగా చదువు నేర్చుకుంది. పేరు రాస్తుంది. ఉత్తరం చదువుతుంది. లెక్కలు వేస్తుంది. కాని రోజూ రాయడానికి ఏమీ దొరకడం లేదు. రాయకపోతే అక్షరాలు మరిచిపోతామని చదువు చెప్పే అక్క ఎప్పుడూ అంటుంది. కోడలు ఆమెకు తీతువు సంగతి చెప్పింది.

"అదే రాయి. రోజూ ఒకే దారిన పొలం పోతవు కద? ఆ దారిల ఏ పిట్ట కనిపించింది, ఎన్ని కనిపించినయి, ఏం చేస్తున్నయి, అన్నీ రాయి," అంది అక్క.

"పిట్టల గురించి రాస్తే ఎవరన్న నవ్వుతరేమో అక్కా!"

అప్పుడు అక్క సలీం అలీ గురించి చెప్పింది. ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. పిట్టల్ని చూడడమే ఆయన పని. 1931, 1932 సంవత్సరాల్లో ఆయన హైదరాబాదు సంస్థానంలో ఊరూరా తిరిగారు. ఎక్కడ ఏ పిట్ట ఉందో రాసుకున్నారు. ఆయన భార్య తెహ్మీనా కూడా ఆయన వెంట అడవుల్లో డేరాల్లో ఉన్నారు. 1941లో ఆయన మన దేశపు పక్షుల మీద పుస్తకం రాశారు. ఇప్పటికీ దాన్ని చదువుతున్నారు.

కోడలు ఒక నోటుబుక్కు కొన్నది. పేజీలో నాలుగు గీతలు గీసింది. తేదీ, పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తోంది అని రాసుకుంది. పేరు తెలియని పిట్టకు దాని రంగు రాసింది. తీతువు గూడు గురించి కూడా రాసింది. సుమారు నెల రోజులకు గుడ్లు పగిలాయి. పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే తల్లి వెంట పరుగెత్తాయి. అదీ రాసింది.

చేనుకు చుట్టాలు

వానలు పడ్డాయి. దుక్కులు మొదలయ్యాయి. ట్రాక్టరు వెనక తెల్ల కొంగలు వరస కట్టాయి. మట్టి తిరగబడితే పురుగులు బయట పడతాయి. కొంగలు వాటిని తింటాయి. బర్రెలు మేస్తుంటే కూడా కొంగలు వాటి కాళ్ల దగ్గరే నడుస్తాయి. గడ్డిలోంచి లేచిన మిడతల్ని పట్టుకుంటాయి.

బర్రె మీద నల్లగా, చీలిన తోకతో ఒక పిట్ట కూర్చుంటుంది. దాన్ని పసుల పోలిగాడు అంటారు. అది గాలిలో ఎగిరే పురుగుల్ని కూడా పట్టి తింటుంది. ఇలాంటి పిట్టలు కూర్చోవడానికే శనగ, కంది చేలల్లో కర్రలు పాతమని వ్యవసాయం వాళ్లు చెబుతారు. వాటిని పక్షి స్థావరాలు అంటారు. పిట్ట వాటి మీద కూర్చుని కాయ తొలిచే పురుగుల్ని ఏరి తింటుంది. మందు ఖర్చు కొంత తగ్గుతుంది. గుడ్లగూబ రాత్రిపూట ఎలుకల్ని పడుతుంది. దాన్ని కూడా చాలా మంది అపశకునం అనుకుంటారు. కాని అది రైతుకు మేలు చేసేదే.

అన్ని పిట్టలూ చేనుకు మేలే చేస్తాయని కాదు. చలికాలంలో గులాబి గోరింకలు వస్తాయి. అవి చాలా దూరం నుంచి, మధ్య ఆసియా నుంచి వస్తాయి. వందల కొద్దీ జొన్న చేను మీద వాలుతాయి. గింజలు తింటాయి. అప్పుడు మంచె ఎక్కి అరవాల్సిందే.

గోడ అవతల గడ్డి

విమానాశ్రయం గోడ అవతల కూడా పిట్టలు ఉంటాయి. అంత పెద్ద శబ్దం చేసే చోట పిట్టలు ఎందుకుంటాయి?

అక్కడ విశాలంగా గడ్డి ఉంటుంది. మనుషులు నడవరు. వాన పడితే వానపాములు, పురుగులు పైకి వస్తాయి. గడ్డిలో ఎలుకలు ఉంటాయి. అందుకే కొంగలు, తీతువులు, గద్దలు అక్కడికి వస్తాయి. శబ్దానికి మెల్లగా అలవాటు పడతాయి. విమానాశ్రయాల్లో పిట్టల్ని తోలడానికి మనుషులు ఉంటారు. గడ్డిని సరిగ్గా కత్తిరిస్తారు. టపాకాయలు పేలుస్తారు. నీళ్లు నిలవకుండా చూస్తారు.

కోడలు ఎన్నడూ గోడ ఎక్కలేదు. గోడ దగ్గర ఫోటోలు తీయలేదు. అలా చేయడం తప్పు. పొలం గట్టు మీది నుంచే ఆకాశం బాగా కనిపిస్తుంది.

ఐతారం గద్దలు

రెండు నెలలు గడిచాయి. ఒక రాత్రి కోడలు పాత పేజీలు తిరగేసింది. గద్దల లెక్క వింతగా ఉంది. సోమవారం 5. బుధవారం 6. శుక్రవారం 4. ఆదివారం 31. మరో వారం చూసింది. ఆదివారం 28. ఆ పైవారం కూడా అంతే.

"అత్తమ్మా, గద్దలకు వారాలు తెలుస్తయా? ఐతారం నాడే ఇన్ని ఎందుకు వస్తున్నయి?"

అత్తకు చదువు రాదు. కాని జవాబు ఆమెకు తెలుసు.

"ఐతారం అందరి ఇండ్లల్ల కూర. కోళ్లు ఎక్కువ కోస్తరు. పేగులు, తోళ్లు తీసుకపోయి కుంటల పారబోస్తరు. గద్దలకు అది పండుగ."

ఇద్దరూ మర్నాడు కుంట దగ్గరికి వెళ్లారు. అత్త చెప్పింది నిజమే. కుంట ఒడ్డున కుప్పలు ఉన్నాయి. వాసన వస్తోంది. పైన గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్పుడే ఒక విమానం కిందికి దిగుతూ ఆ దిక్కు నుంచే వచ్చింది. గద్దలు చెదిరిపోయాయి.

అత్త కోడలు చేయి పట్టుకుంది.

"చిన్నోడు దసరాకు వస్తడు. ఇట్లాంటి దాంట్లనే కద వచ్చేది?"

పాట్నాలో జరిగింది

పిట్ట చిన్నది. విమానం పెద్దది. పిట్ట తగిలితే విమానానికి ఏమవుతుంది?

విమానం నేల వదిలేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో తగిలితే గద్ద కూడా బండరాయితో సమానం. ఇంజను గాలిని లోపలికి లాగుతుంది. దగ్గరగా పిట్ట ఉంటే దాన్నీ లాగుతుంది. లోపల తిరిగే రెక్కలు విరగవచ్చు. పిట్టలు ఎక్కువగా నేలకు దగ్గరలోనే ఎగురుతాయి. అందుకే విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ.

2022 జూన్ 19న బీహార్‌లోని పాట్నాలో ఒక విమానం పైకి లేచింది. అందులో 185 మంది ప్రయాణికులు ఉన్నారు. ఎడమ వైపు ఇంజనుకు పక్షి తగిలింది. మంటలు కనిపించాయి. విమానం నడుపుతున్నది మోనికా ఖన్నా అనే మహిళ. ఆమె కంగారు పడలేదు. ఆ ఇంజనును ఆపేసింది. ఒక్క ఇంజనుతోనే విమానాన్ని వెనక్కి తిప్పి దించింది. అందరూ క్షేమంగా బయట పడ్డారు.

ఈ సంగతి కోడలు చదువు కేంద్రంలో చదివింది. ఇంటికి వచ్చి అత్తకు చదివి వినిపించింది.

దుకాణం ముందు

మొదట ఇద్దరూ కోళ్ల దుకాణానికి వెళ్లారు.

"నేనొక్కన్నే పారబోస్తున్ననా వదినా? గద్దలు తింటే చెత్త పోతది. ఊరు సాఫైతది. అండ్ల తప్పేముంది?" అన్నాడు దుకాణం అతను.

"తప్పు గద్దలది కాదు, నీది ఒక్కనిది కాదు అన్నా. అవి మన చెత్తను ఊడుస్తున్నయి. కాని విమానం దిగే దారిల మనమే వాటికి పిలిచి పెడుతున్నం. నీ తమ్ముడు కూడా మస్కట్‌ల ఉన్నడు కద!"

అతను మాట్లాడలేదు. కోడలు నోటుబుక్కు తెరిచి లెక్క చూపింది.

తరువాత సంఘం ఆడవాళ్లంతా కలిసి సర్పంచి దగ్గరికి వెళ్లారు. ఆమె కూడా మహిళే. నోటుబుక్కు ప్రతి పేజీ చూసింది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షుల్ని రప్పించే చెత్త, మాంసపు వ్యర్థాలు పారబోయకూడదని నియమం ఉంది. ఆ సంగతి సర్పంచికి తెలుసు. కాని కుంట దగ్గర ఎంత పోస్తున్నారో, ఎన్ని గద్దలు వస్తున్నాయో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"నోటిమాటైతే రేపు చూద్దామందును. ఇది తేదీలతో ఉంది," అంది సర్పంచి.

పంచాయతీ దుకాణాలకు మూత ఉన్న డబ్బాలు పెట్టమంది. ఊరికి ఒక పక్క లోతైన గుంత తవ్వించింది. రోజూ వ్యర్థాలు అందులో వేసి సున్నం చల్లి మట్టి కప్పాలి. మొదటి వారం ఒక దుకాణం వాళ్లు మళ్లీ కుంటకే వెళ్లారు. సంఘం ఆడవాళ్లు అడ్డు నిలబడ్డారు. రెండో వారం నుంచి ఎవరూ పోలేదు.

కోడలు లెక్క ఆపలేదు. నెల తరువాత ఆదివారం గద్దలు 12. గద్దలు పూర్తిగా పోలేదు. పోవు కూడా. ఎలుకల్ని పట్టడానికి గద్దలు ఉండాలి. విమానం దారిలో గుంపు కట్టకుండా ఉంటే చాలు.

దసరా నాడు

దసరా వచ్చింది. ఆ రోజు పాలపిట్టను చూడడం మంచిదని అందరూ అనుకుంటారు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపిస్తారు, డబ్బులు అడుగుతారు. పట్టడం నేరం. కట్టివేయడం వల్ల ఎన్నో పిట్టలు చనిపోతాయి.

అత్తాకోడళ్లు పొలం గట్టుకు వెళ్లారు. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది. రెక్కలు విప్పి చేనులోకి దిగింది. నీలం రంగు మెరిసింది. ఒక పురుగును ముక్కున పట్టుకుని మళ్లీ తీగ మీదికి వెళ్లింది.

అప్పుడే ఒక విమానం దిగుతూ వచ్చింది. ఇద్దరూ తలెత్తి చూశారు. అది ఎటువంటి ఆటంకం లేకుండా గోడ అవతల దిగింది. చిన్న కొడుకు దానిలో ఉన్నాడో, దాని తరువాతి దానిలో ఉన్నాడో వారికి తెలియదు.

"రాయి బిడ్డా," అంది అత్త. "పాలపిట్ట ఒకటి. గద్దలు ఎన్ని?"

"మూడే అత్తమ్మా."

"మూడని రాయి. రేపటి నుంచి నాక్కూడ అంకెలు నేర్పు. నువ్వు పుట్టింటికి పోయిననాడు లెక్క ఎవరు రాస్తరు?"

కొత్త మాటలు

అపశకునం = కీడు జరుగుతుందని అనుకునే గుర్తు
వ్యర్థాలు = పనికిరాక పారవేసేవి
పక్షి స్థావరం = పిట్ట వాలడానికి చేనులో పాతిన కర్ర
ఐతారం = ఆదివారం

చెప్పండి

1. తీతువు రాత్రి ఎందుకు కూసింది?
2. ట్రాక్టరు వెనక కొంగలు ఎందుకు తిరుగుతాయి?
3. ఆదివారం గద్దలు ఎందుకు పెరిగాయి? ఈ సంగతి కనుక్కోవడానికి కోడలు చదువు ఎలా పనికి వచ్చింది? అత్త అనుభవం ఎలా పనికి వచ్చింది?
4. మీ ఊళ్లో ఏ పిట్ట కూస్తే కీడు అంటారు? ఆ పిట్ట ఏం తింటుంది? ఎక్కడ గూడు పెడుతుంది?

చేయండి

మీరు రోజూ నడిచే ఒక దారిని ఎంచుకోండి. ఏడు రోజులు అదే వేళకు అక్కడ కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టండి. తేదీ, పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తోంది అని రాయండి. ఏడో రోజున మీ సంఘంలో చదివి వినిపించండి.