ఊరుమ్మడి ఆలివ్ గానుగ నేర్పే పాఠం

(సభ్యుల శిక్షణ శీర్షిక)



మన సంఘాల సభ్యులు అధ్యయన యాత్రలకు వెళ్ళి, అక్కడి డెయిరీలను, గ్రామ సంఘాలను చూసి రావడం మనకు అలవాటే. ఈసారి కాగితం మీదనే ఒక దూర ప్రయాణం చేద్దాం. చూడబోయేది పాల డెయిరీ కాదు, నూనె గానుగ. అదీ నడుస్తున్న గానుగ కాదు, మ్యూజియంగా మారిన గానుగ. నూనెకూ పాలకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. పాఠం పూర్తి అయ్యేసరికి ఆ సంబంధం మీ ఊరి పాలకేంద్రంలో, టెస్టరు చేతిలోని శాంపిలు సీసాలోనే ఉన్నదని తెలుస్తుంది.

ఆ ద్వీపం, ఆ ఊరు

గ్రీసు దేశానికి తూర్పు వైపున, టర్కీ తీరానికి దగ్గరగా లెస్బోస్ అనే ద్వీపం ఉన్నది. మన కోనసీమకు కొబ్బరి ఎట్లాగో ఆ ద్వీపానికి ఆలివ్ చెట్టు అట్లాగు. కొండవాలుల మీద రాతి కట్టలు కట్టి, ఆ మట్టిలో తరతరాలుగా ఈ చెట్లను పెంచుతున్నారు. ఆలివ్ పండు చూడడానికి నేరేడు పండులా ఉంటుంది. లోపల ఒక గింజ ఉంటుంది. చెట్టు మీది నుంచి కోసి నోట వేసుకొంటే భరించలేని చేదు. మనం నువ్వులు, వేరుశనగ గింజల నుంచి నూనె తీస్తాము. ఆలివ్‌లో మాత్రం నూనె ముఖ్యంగా పండు గుజ్జులోనే ఉంటుంది. ఒక లీటరు నూనెకు సుమారు 5 కిలోల పండ్లు కావాలి. చలికాలం వచ్చేసరికి పండ్లు రాలుతాయి. ఆ కొద్ది నెలల్లోనే కోత, మోత, గానుగ అన్నీ పూర్తి కావాలి.

ఈ ద్వీపం నడిమధ్యన అగియా పరస్కేవి అనే ఊరు ఉన్నది. 1910 ప్రాంతంలో ఈ ఊరి ప్రజలు పూనుకొని ఒక ఆవిరి యంత్రపు గానుగను ఊరుమ్మడిగా కట్టుకొన్నారు. అప్పటికి ద్వీపం తురుష్క సుల్తాను ఏలుబడిలో ఉన్నది. 1912లో గ్రీసు చేతికి వచ్చింది. ఆవిరి యంత్రం పెట్టాలంటే బాయిలరు కావాలి, ఇనుప ప్రెస్సులు కావాలి, పెద్ద కట్టడం కావాలి. పది చెట్లో ఇరవై చెట్లో ఉన్న చిన్న రైతుకు ఆ స్తోమత ఎక్కడిది? ఒంటరిగా ఎవరికీ సాధ్యం కానిది అందరూ కలిస్తే సాధ్యమైంది. యంత్రం ఊరిది కాబట్టి దాని మీద వచ్చిన లాభమూ ఊరి అవసరాలకే ఉపయోగపడింది.

1960ల దశకంలో ఆ గానుగ ఆగిపోయింది. ఆ కట్టడాన్ని, యంత్రాలను పిరేయస్ బ్యాంక్ గ్రూపు సాంస్కృతిక సంస్థ బాగుచేయించి, 2006లో మ్యూజియంగా తెరిచింది. పారిశ్రామిక పద్ధతిలో ఆలివ్ నూనె తీయడం ఎట్లా జరిగేదో చూపించే మ్యూజియం అది.

గానుగ లోపల

లోపలికి వెళితే పని జరిగిన వరుసలోనే యంత్రాలు కనిపిస్తాయి. మొదటిది పండ్లను నలిపే రాతి చక్రాల యంత్రం. గింజతో సహా నలిగి పండు ముద్ద అవుతుంది. ఆవిరి రాక పూర్వం ఈ రాళ్ళను పశువు తిప్పేది, మన ఎద్దు గానుగ వలెనే. ఆ ముద్దను నేసిన సంచులలో పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రెస్సు కింద అదిమేవారు. పాత రోజుల్లో మనుషులు మరను తిప్పి అదమవలసి వచ్చేది. నీటి ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ప్రెస్సుకు ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందాడు. అటువంటి ప్రెస్సులు వచ్చిన తరువాత అదే పిప్పి నుంచి మరింత నూనె దిగింది. మిగిలిన పిప్పి కూడా వృథా పోలేదు. మన వేరుశనగ చెక్క పశువుల తొట్టిలోకి పోయినట్లే, ఆలివ్ పిప్పి బాయిలరు పొయ్యిలోకి పోయింది.

ప్రెస్సు నుంచి కారేది ఒట్టి నూనె కాదు, నూనె, నీరు కలిసిన ద్రవం. నీటి కంటే నూనె తేలిక కాబట్టి కొంతసేపటికి పైకి తేలుతుంది. పాల మీద మీగడ కట్టడం కూడా ఇదే సూత్రం. 1878లో స్వీడను దేశస్థుడు గుస్తాఫ్ ద లావాల్ పాలను వేగంగా గిర్రున తిప్పి మీగడ తీసే సెపరేటరు కనిపెట్టాడు. గిర్రున తిప్పి వేరుచేసే ఆ పద్ధతే తరువాత నూనె మిల్లుల్లోకీ వెళ్ళింది. అంటే మన డెయిరీలోని సెపరేటరు, నూనె మిల్లులోని సెపరేటరు ఒకే ఇంటి బిడ్డలు.

ఎవరి పండ్లు వారి గదిలో

ఈ మ్యూజియంలో మనం ఎక్కువసేపు నిలబడి చూడవలసినది యంత్రాలను కాదు. ఆవరణలో వరుసగా చిన్న చిన్న గదులు ఉన్నాయి. కోత కాలంలో రైతు తెచ్చిన పండ్లను, అతని వంతు వచ్చేవరకు, ఆ గదులలో విడిగా నిల్వ ఉంచేవారు.

ఈ గదులు ఎందుకు కట్టారో ఆలోచించండి. యంత్రం ఉమ్మడిది, పొయ్యి ఉమ్మడిది. పండ్లు మాత్రం ఉమ్మడివి కావు. ఒక రైతు పండ్లను ఏరి, ఆకు పుల్ల లేకుండా శుభ్రంగా తెస్తాడు. ఇంకొక రైతు రాలి కుళ్ళిన వాటిని కూడా సంచిలో వేస్తాడు. రెండూ ఒకే కుప్పలో పోస్తే శ్రద్ధగా తెచ్చినవాడు నష్టపోతాడు, అశ్రద్ధ చేసినవాడు లాభపడతాడు. మరుసటి సంవత్సరం మొదటివాడు కూడా ఏరడం మానేస్తాడు. అందుకే ఉమ్మడి యంత్రం చుట్టూ విడి గదులు కట్టారు. పదిమంది కలిసి నడుపుకొనే సంస్థలో కూడా ఎవరి కష్టం వారి పేరున నిలవాలి. సహకారానికి పునాది ఇదే.

అయితే గదిలో న్యాయం ఉన్నా ఒక ప్రమాదమూ ఉన్నది. కోసిన పండ్లు కుప్పగా పడి ఉంటే వేడెక్కుతాయి, పులుస్తాయి, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. నూనె మంచి చెడ్డలను ఇప్పటికీ ఈ ఆమ్లం చూసే నిర్ణయిస్తారు. యూరపు దేశాల నిబంధనల ప్రకారం మొదటి రకం నూనెలో స్వేచ్ఛా ఆమ్లత 0.8 శాతం మించకూడదు. రెండవ రకానికి 2 శాతం హద్దు. అది దాటితే శుద్ధి చేయకుండా తినడానికి అమ్మరాదు. కనుక వంతు కోసం ఎక్కువ రోజులు ఆగిన పండుకు గది న్యాయం చేసింది కాని, నాణ్యతను కాపాడలేకపోయింది.

పద్దు కూడా ఒక గదే

ఒకసారి నూనె కలిసిపోయిన తరువాత ఎవరిది ఎంతో తెలిపేది పద్దు ఒక్కటే. ఈ సంగతి చాలా పాతది. గ్రీసులో క్రీస్తుకు పూర్వం 13వ శతాబ్దం నాటి రాజభవనాల శిథిలాలలో మట్టి పలకలు దొరికాయి. వాటి మీది లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆంగ్లేయుడు చదవగలిగాడు. వాటిలో కావ్యాలేమీ లేవు. ఎక్కువ భాగం సరుకుల జాబితాలు, వాటిలో నూనె లెక్కలు కూడా ఉన్నాయి.

రోము నగరంలో మోంటె టెస్టాచియో అనే గుట్ట ఒకటి ఉన్నది. అది మట్టిగుట్ట కాదు, సుమారు 35 మీటర్ల ఎత్తున పేరుకొన్న కుండ పెంకుల గుట్ట. రెండు వేల సంవత్సరాల క్రితం స్పెయిన్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల మీద నూనె తెచ్చిన కుండల పెంకులవి. చాలా పెంకుల మీద రాతలు ఉన్నాయి: ఖాళీ కుండ బరువు ఎంత, అందులోని నూనె బరువు ఎంత, వర్తకుడు ఎవరు అని. ఖాళీ క్యాను బరువు తీసివేసి పాలు తూచాలని మనం ఈనాడు చెప్పుకొంటున్న నియమం ఆ కుండల మీదనే ఉన్నది.

పాలకు గది కట్టలేము

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పండు కొన్ని రోజులు ఆగుతుంది, పాలు గంటలు కూడా ఆగవు. పితికిన పాలను త్వరగా చల్లబరచకపోతే, మన వేడి వాతావరణంలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. కాబట్టి రాములమ్మ పాలు ఒక గదిలో, సుబ్బయ్య పాలు ఒక గదిలో విడిగా ఉంచడం కుదరదు. తెచ్చిన వెంటనే క్యానులోకో బల్క్ కూలరులోకో పోసి 4 డిగ్రీలకు చల్లబరచవలసిందే. పోసిన క్షణం నుంచి ఎవరి పాలో ఎవరికీ తెలియదు.

మరి మన విడి గది ఎక్కడ ఉన్నది? శాంపిలు సీసాలో ఉన్నది. గెర్బర్ పద్ధతిలో పరీక్షకు తీసుకొనే పాలు 10.75 మిల్లీలీటర్లు. ఆ చిన్న పిపెట్టే సభ్యుని గది. ఇప్పుడు చాలా సంఘాలలో గెర్బర్ పరీక్షకు బదులు ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. పరికరం మారినా సూత్రం మారలేదు. ఆ కొద్ది పాలను సరిగా తీసి, సరిగా పరీక్షించి, సరిగా రాస్తేనే మిగిలిన పాలన్నిటికీ న్యాయం జరుగుతుంది.

లెక్క చూడండి. లెక్క సులువు కోసం కిలో వెన్న ధర 800 రూపాయలు అనుకొందాం. ఇద్దరు సభ్యులు పూటకు 5 కిలోల చొప్పున గేదె పాలు పోశారు. ఒకరి పాలలో వెన్న 7 శాతం, ఇంకొకరి పాలలో 5 శాతం. మొదటివారి వెన్న 350 గ్రాములు, విలువ 280 రూపాయలు. రెండవవారి వెన్న 250 గ్రాములు, విలువ 200 రూపాయలు. పరీక్ష లేకుండా సగటున ఇద్దరికీ 240 చొప్పున ఇస్తే, మొదటివారు పూటకు 40 రూపాయలు, నెలకు 60 పూటలకు 2400 రూపాయలు నష్టపోతారు. పరీక్ష చేసి కూడా 0.2 శాతం తక్కువ రాస్తే పూటకు 8 రూపాయలు, నెలకు 480 రూపాయలు పోతాయి. కొలతగొట్టంలో 0.2 అంటే రెండు చిన్న గీతలు. సభ్యుని ఇంట్లో మాత్రం అది తవుడు బస్తా కొనాలా మానాలా అన్న ప్రశ్న.

ఒక అనుభవం

చాలా సంవత్సరాల క్రితం ఒక గ్రామ సంఘం తనిఖీకి వెళ్ళాను. పరీక్షకు కావలసిన యాసిడ్ అయిపోయి మూడు రోజులైంది. తెప్పించడం ఆలస్యమై, కార్యదర్శి అందరికీ పాత సగటు అంకెనే రాస్తున్నాడు. క్యూలో నిలబడిన ఒక పెద్దమ్మ నన్ను పిలిచి ఇట్లా అన్నది: “అయ్యా, మూడు రోజుల నుంచి అందరికీ ఒకటే నంబరు వేస్తున్నారు. చెక్క పెట్టి మేపినదానికీ అంతే, ఎండుగడ్డి వేసినదానికీ అంతే. ఇంక నేను చెక్క ఎందుకు కొనాలి?”

కార్యదర్శి దొంగ కాదు. డబ్బు తినలేదు. “మూడు రోజులే కదండీ” అన్నాడు. కాని నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆ పెద్దమ్మ క్యూలో లేదు. ఆమె పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతున్నాయి. ఆమె వెనుక మరికొందరు మంచి పాలు పోసేవారూ వెళ్ళారు. ఉండిపోయినవారి సగటు మరింత పడిపోయింది. ఒక్క సీసా యాసిడ్ లేక ఆ సంఘం ఎంత పోగొట్టుకొన్నదో ఏ పద్దులోనూ కనబడలేదు.

పాటించవలసినవి

1. శాంపిలు తీసేముందు పాలను పై నుంచి కింద వరకు బాగా కలపాలి. మీగడ పైకి తేలుతుంది కనుక కలపని పాల శాంపిలు ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది.

2. శాంపిలు సీసా మీద సభ్యుని నంబరు స్పష్టంగా ఉండాలి. నంబరు తారుమారైతే ఇద్దరి కష్టం తారుమారైనట్లే.

3. రీడింగు సభ్యునికి చూపించి, అప్పుడే పాసుపుస్తకంలో రాయాలి. సభ్యులు కూడా చూడకుండా వెళ్ళిపోరాదు. చదువు రానివారికి కార్యదర్శి అంకె పైకి చదివి వినిపించాలి.

4. యాసిడ్, ఆల్కహాలు సగం ఉండగానే తెప్పించాలి. ఎలక్ట్రానిక్ పరికరమైతే నియమిత కాలంలో సరిచూడాలి.

5. సభ్యునికి అనుమానం వస్తే అదే శాంపిలును అతని ఎదుట మళ్ళీ పరీక్షించాలి. అడిగినందుకు కోపగించుకోరాదు.

తిరుగు ప్రయాణం

అగియా పరస్కేవిలో ఆ గదులు నేటికీ ఉన్నాయి కాని వాటిలో రైతుల పండ్లు లేవు. రాళ్ళు, ప్రెస్సులు, బాయిలరు అన్నీ చూడడానికి ఉన్నాయి, పనికి లేవు. మన పాలకేంద్రం రేపు ఎవరో వచ్చి చూసిపోయే పాత కట్టడం కావాలా, రోజూ రెండు పూటలా సభ్యులు క్యాన్లతో వచ్చే చోటుగానే ఉండాలా అన్నది మన చేతిలో ఉన్నది. ఉమ్మడి యంత్రం కొనడం ఒక్కసారి చేసే పని. ఉమ్మడి నమ్మకం మాత్రం పూట పూటకూ, సీసా సీసాకూ సంపాదించుకోవలసిందే.

సభలో చర్చకు ప్రశ్నలు

1. గత నెలలో మన సంఘంలో పరీక్ష జరగని పూటలు ఎన్ని? కారణమేమిటి?

2. మీ పాసుపుస్తకంలోని గత వారం అంకెలను చూడండి. ప్రతి పూటా ఒకే అంకె ఉన్నదా?

3. ఈ సంవత్సరం సంఘాన్ని వదిలి వెళ్ళిన సభ్యులెవరు? వారి ఇంటికి వెళ్ళి కారణం అడిగినవారు ఎవరైనా ఉన్నారా?

ఈ మూడవ ప్రశ్నకు జవాబు ‘లేరు’ అయితే, పాలకవర్గ సభ్యులు రేపటి పూట పాలు పోసి నేరుగా ఆ ఇళ్ళకు వెళ్ళవలసిందిగా మనవి.