పక్క సీటే తొలి పరిచయం: విదేశీ లా స్కూల్లో స్నేహాలు

అమెరికాలో నా ఎల్‌ఎల్‌ఎం రెండో వారం. కాంట్రాక్ట్స్ క్లాసులో ప్రొఫెసర్ ఎవరి పేరో పిలిచి ఆగారు. ఎవరూ పలకలేదు. పక్క సీట్లో ఉన్న ఆమె నా ముందున్న నేమ్ కార్డు వైపు మెల్లగా వేలు చూపించింది. ఆయన పిలిచింది నా ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అదే కాబట్టి క్లాసు జాబితాలోనూ అదే ఉంది. ఇంట్లో గానీ, కాలేజీలో గానీ నన్నెవరూ ఆ పేరుతో పిలిచింది లేదు. తెలిసిన జవాబేదో చెప్పి కూర్చున్నాను. క్లాసయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి, ‘ఇంతకీ మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని అడిగింది. బ్రెజిల్ నుంచి వచ్చిన లాయరు. నా పేరు మూడుసార్లు పలికి, సరిగ్గా వచ్చాకే వదిలింది. ఆ దేశంలో నాకు దొరికిన తొలి స్నేహం అది.

మన రాష్ట్రాల నుంచి ఎంఎస్‌కు వెళ్లేవారికి విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపు ఉంటుంది. రూమ్మేట్లు కుదిరి ఉంటారు. ఎయిర్‌పోర్టుకు ఎవరో ఒక సీనియర్ వస్తారు. లా చదవడానికి వెళ్లేవారికి అంత బలగం ఉండదు. ఫీజులు, స్కాలర్‌షిప్, ఎస్‌ఓపీ, వీసా గురించి అందరూ చెబుతారు కానీ, అక్కడ మనుషుల్ని ఎలా సంపాదించుకోవాలో చెప్పేవారు తక్కువ. నా అనుభవంలో తేలింది ఒక్కటే: లా స్కూల్లో స్నేహాలు విందుల్లో కన్నా కలిసి చేసే పనిలోనే ఎక్కువగా కుదురుతాయి. మాటకారితనం లేనివారికి ఇది మంచి కబురు.

అక్కడి లెక్క తెలుసుకోండి

అమెరికా న్యాయవిద్యలో ప్రధానంగా రెండు దారులున్నాయి. డిగ్రీ తర్వాత మూడేళ్లు చదివే జేడీ ఒకటి. మన దగ్గర లా పూర్తిచేసినవారు ఎక్కువగా ఎంచుకునే ఎల్‌ఎల్‌ఎం రెండోది. ఇది సాధారణంగా ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. ఎల్‌ఎల్‌ఎం దారిలో న్యూయార్క్ బార్ పరీక్ష రాయాలనుకుంటే కనీసం 24 క్రెడిట్లు కావాలి. ఆగస్టు నుంచి మే దాకా లెక్కేస్తే, చదువుకైనా, స్నేహానికైనా మీ చేతిలో ఉండేది తొమ్మిది నెలలే.

జేడీ విద్యార్థులు మొదటి ఏడాది సెక్షన్లుగా విడిపోయి, దాదాపు అన్ని క్లాసులూ అదే బృందంతో చదువుతారు. మీరు వెళ్లేసరికి రెండు, మూడో ఏడాది వారికి స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి. వారు తమంతట తాము పలకరించకపోతే చిన్నచూపు అనుకోకండి. ముందు మీరే పలకరించండి.

ఇంకో చిక్కు గ్రేడ్లది. చాలా లా స్కూళ్లలో కర్వ్ పద్ధతి ఉంటుంది. మీకు వచ్చే గ్రేడు మిగతావారు ఎలా రాశారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఎన్నో సబ్జెక్టుల్లో సెమిస్టర్ అంతటికీ ఒకే పరీక్ష. దాంతో పక్కనున్నవారు తోడా, పోటీయా అన్న సందేహం మనసులో మెదులుతూనే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు అది ఇంకాస్త ఎక్కువ. ఆ సందేహాన్ని మొదటి నెలలోనే దాటాలి.

‘నాకు అర్థం కాలేదు’ అనండి

క్లాసులో ప్రొఫెసర్ ముందుగా చెప్పకుండా ఎవరో ఒకరిని లేపి, కేసు మీద వరుసగా ప్రశ్నలు వేస్తారు. దీన్నే కోల్డ్ కాల్ అంటారు. లెక్చర్ విని నోట్సు రాసుకునే పద్ధతికి అలవాటుపడ్డ మనకు మొదట్లో గుండె దడదడలాడుతుంది. అక్కడే పుట్టి పెరిగినవారికీ అలాగే ఉంటుందని నాకు తెలియడానికి నెల పట్టింది. ఒకరోజు క్లాసు బయట ఒక జేడీ విద్యార్థితో, ‘ఈరోజు కేసులో సగం నాకు అర్థం కాలేదు’ అన్నాను. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ‘నాకూ అంతే’ అన్నాడు. ఆ సాయంత్రం లైబ్రరీలో ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఆ తీర్పును పేరా పేరా చదివాం. తర్వాతి వారం ఇంకో ఇద్దరు చేరారు.

స్టడీ గ్రూపు అంటే ఇదే. ముగ్గురు, నలుగురు చాలు. వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. కోర్సు మొత్తాన్ని కుదించి రాసుకునే ఔట్‌లైన్‌ను తలా ఒక భాగంగా పంచుకోండి. మీ వంతు భాగాన్ని చెప్పిన రోజుకు తప్పక ఇవ్వండి. ఇంగ్లిష్ ఎంత ధారాళంగా మాట్లాడతారన్నది ఎవరూ చూడరు. మాట నిలబెట్టుకుంటారా లేదా అన్నదే చూస్తారు.

ఒక జాగ్రత్త. కలిసి చదవడం వేరు, కలిసి రాయడం వేరు. ఇంటికి ఇచ్చే పరీక్షలు, పేపర్ల విషయంలో ఆనర్ కోడ్ (విద్యార్థుల నిజాయతీ నియమావళి) కఠినంగా ఉంటుంది. దేని గురించి చర్చించవచ్చో, దేని గురించి కూడదో ప్రొఫెసర్‌ను ముందే అడగండి. బార్‌లో చేరేటప్పుడు మీ నడవడికను కూడా పరిశీలిస్తారని మరచిపోవద్దు.

మీ దగ్గరా ఇవ్వడానికి ఉంది

ఎప్పుడూ అడిగేవారిగానే ఉంటే స్నేహం నిలవదు. భారతీయ లా విద్యార్థి దగ్గర ఇవ్వడానికి చాలా ఉంది. నష్టపరిహారం మీద 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసు అమెరికా క్లాసుల్లోనూ చెబుతారు. మన 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 ఆ కేసులోని సూత్రం మీదే నిలబడింది. న్యాయమూర్తి చెప్పిన నియమాన్ని మనవాళ్లు చట్టంలో సెక్షన్‌గా ఎలా రాసుకున్నారో చెప్పి చూడండి. ఆ మాట మీదే అరగంట గడిచిపోతుంది.

ఎల్‌ఎల్‌ఎం క్లాసులో అనేక దేశాల నుంచి వచ్చిన లాయర్లు, ప్రభుత్వ న్యాయాధికారులు ఉంటారు. వారితో మాట్లాడటానికి 1973 నాటి కేశవానంద భారతి తీర్పుకు మించిన అంశం లేదు. ఆ తీర్పు చెప్పిన రాజ్యాంగ మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని 1989లో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు కూడా స్వీకరించింది. ‘మీ దేశంలో పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చగలదు?’ అని అడగండి. వాతావరణం గురించి పది రోజులు మాట్లాడినా రాని చనువు ఈ ఒక్క ప్రశ్నతో వస్తుంది.

మందు ముట్టనివారి సంగతి

చాలా లా స్కూళ్లలో వారానికోసారి విద్యార్థులంతా ఏదో ఒక బార్‌లో కలుస్తారు. దానికి ‘బార్ రివ్యూ’ అని పేరు. అలవాటు లేనివారు అక్కడ తమకేం పని అనుకుని గదిలోనే ఉండిపోతారు. ఈ సంకోచం మనతో మొదలైంది కాదు. 1888లో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ అనే న్యాయ సంస్థలో చేరిన గాంధీజీకీ ఇదే పరిస్థితి. అప్పట్లో బారిస్టర్ కావాలంటే పరీక్షలతో పాటు టర్ముకు ఇన్నిసార్లని అక్కడి విందులకు హాజరు కావాలి. నలుగురు కూర్చునే బల్లకు రెండు సీసాల వైన్ ఇచ్చేవారు. గాంధీజీ తాగరు కాబట్టి తమతో కూర్చోమని మిగతావారు పోటీపడి పిలిచేవారని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. శాకాహార నియమం కూడా ఆయనను ఒంటరిని చేయలేదు. అక్కడి శాకాహార సంఘంలో చేరి, కార్యవర్గ సభ్యుడయ్యారు. ఆ నియమమే ఆయనకు ఇంగ్లిష్ స్నేహితులను తెచ్చిపెట్టింది.

మీరూ వెళ్లండి. ఒక నిమ్మకాయ సోడా తీసుకుని గంటసేపు ఉండి రండి. ఎందుకు తాగరని అడిగితే ‘అలవాటు లేదు’ అన్న ఒక్కమాట చాలు.

తెలుగు ఇల్లు ఉండాలి, అదొక్కటే కాకూడదు

రోజంతా ఇంగ్లిష్‌లో కేసులు చదివి అలసిపోయాక, ఇంట్లో పప్పు, ఆవకాయ, నాలుగు తెలుగు మాటలు ప్రాణం లేచివచ్చేలా చేస్తాయి. ఎంఎస్ చదివే తెలుగు పిల్లలతో కలిసి ఉంటే అద్దె కూడా కలిసొస్తుంది. అయితే క్లాసు అవగానే ఇంటికి పరుగెత్తితే ఆ తొమ్మిది నెలలూ ఇట్టే అయిపోతాయి. వారంలో మూడు పూటలైనా క్యాంపస్‌లోనే తినండి. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్‌కు క్యాంపస్ ఖాళీ అవుతుంది. ఆ రోజు ఇంటికి వెళ్లలేని నలుగురిని భోజనానికి పిలవండి. నేను పులిహోర చేశాను, కొరియా మిత్రుడు కిమ్చీ తెచ్చాడు. డిసెంబరు పరీక్షలు ముంచుకొస్తున్న ఆ వారంలో మా అందరికీ కొండంత ధైర్యం వచ్చింది. ఇంట్లో ఒక్కరికి తెలుగు రాకపోయినా ఆ పూటకు అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడండి.

స్నేహాలు కెరీర్‌కు ఎలా పనికొస్తాయి?

లీగల్ క్లినిక్‌లో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి, ప్రొఫెసర్ పర్యవేక్షణలో నిజమైన క్లయింట్ల కేసులు చూస్తారు. అద్దె ఇల్లు పోగొట్టుకోబోతున్న ఒక కుటుంబం కోసం రాత్రి దాకా కలిసి కాగితాలు సిద్ధం చేసినవారు ఒకరినొకరు తేలిగ్గా మరచిపోరు. న్యూయార్క్ బార్‌లో చేరడానికి 50 గంటల ప్రో బోనో (ఉచిత న్యాయ సాయం) సేవ కూడా చూపాలి. దాన్ని స్నేహితుడితో కలిసి మొదలుపెట్టండి. ఎఫ్-1 వీసా ఉన్నవారు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. లైబ్రరీ ఉద్యోగమైనా, ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ పనైనా పరిచయాలను పెంచుతుంది.

ఉద్యోగ ఇంటర్వ్యూలకు ముందు ఒకరికొకరు మాక్ ఇంటర్వ్యూలు చేసుకోండి. మే నెలలో డిగ్రీ అందుకుని, జులై చివర్లో రెండు రోజుల బార్ పరీక్ష రాసేదాకా మధ్యలో పది వారాలే ఉంటాయి. అప్పుడు రోజూ ఫోన్ చేసి ‘ఎన్ని ప్రశ్నలు చేశావు?’ అని అడిగే ఒక్క మనిషి ఉంటే ఆ ఎండాకాలం గట్టెక్కుతుంది. అలాగని ఉద్యోగం కోసమే పరిచయం పెంచుకుంటే ఎదుటివారికి తెలిసిపోతుంది. స్నేహం ముందు రావాలి. అవకాశం దాని వెంట వస్తుంది.

మొదటి ఆరు వారాల్లో...

• ఓరియంటేషన్ ఒక్క రోజు కూడా మానొద్దు. అప్పటికి అందరూ కొత్తవారే.
• నేమ్ కార్డుపై మీరు పిలిపించుకోవాలనుకునే పేరు రాయించుకోండి. దాన్ని ఎలా పలకాలో ఓపిగ్గా చెప్పండి.
• సీట్లు కేటాయించని క్లాసుల్లోనూ ఒకేచోట కూర్చోండి.
• మధ్యాహ్న భోజన వేళ జరిగే ప్రసంగాలకు వారానికి ఒక్కసారైనా వెళ్లండి.
• విద్యార్థి సంఘాల్లో రెండింటిని ఎంచుకోండి. ఒకటి దక్షిణాసియా విద్యార్థులది, ఇంకొకటి మీకు ఇష్టమైన న్యాయ విభాగానిది.
• ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను కలిసే వేళలకు) మరొకరిని వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇవన్నీ చేసినా కొన్ని రాత్రులు ఒంటరిగానే అనిపిస్తాయి. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా క్యాంపస్ కౌన్సెలర్‌ను కలవండి. ఇంట్లోవారికి కూడా దాచకుండా చెప్పండి. సాయం అడగడం బలహీనత కాదు.

ఆ బ్రెజిల్ మిత్రురాలు ఇప్పటికీ నా పుట్టినరోజుకు ఫోన్ చేస్తుంది, నా పేరు తప్పు లేకుండా పలుకుతుంది. మీరు వెళ్లే చోట అలాంటివారు తప్పక ఉంటారు. రేపు క్లాసుకు పది నిమిషాలు ముందు వెళ్లండి. పక్క సీటులో ఉన్నవారిని పేరడిగి, దాన్ని సరిగ్గా పలకడం నేర్చుకోండి.