కారు ధర తగ్గింది, బంపర్ ధర తగ్గలేదు

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే మన క్యాంటీన్‌లో ప్యాకేజీల తర్వాత ఎక్కువగా వినిపించే టాపిక్ కార్లు. ఆఫర్ లెటర్ ఇంకా చేతికి రాలేదు, కానీ నల్ల బెంజ్ కొనాలా, తెల్ల బీఎండబ్ల్యూ కొనాలా అని డిస్కషన్ నడుస్తూ ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. అలాగని ఈ కల మొత్తం గాల్లో మేడ కూడా కాదు. ఫోన్‌లో వెతికితే ఏడెనిమిదేళ్ల పాత జర్మన్ సెడాన్ 15, 16 లక్షలకు కనిపిస్తుంది. దాదాపు అదే డబ్బుకు షోరూమ్‌లో ఒక కొత్త మామూలు ఎస్‌యూవీ వస్తుంది. "అదే రేటుకి బెంజ్ వస్తుంటే ఇదెందుకు?" అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం పని. లగ్జరీ కారు కొనొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు, చూడాల్సిన విషయాలు ఒకచోట పెడుతున్నాను.

1. ధర ఎందుకు అంతలా పడిపోతుంది?

కొత్త లగ్జరీ కారు ధరలో కారు ఒక్కటే ఉండదు, పన్నులు కూడా ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22 వరకు పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దాని పైన 22 శాతం దాకా సెస్ ఉండేవి. ఇప్పుడు సెస్ తీసేసి 40 శాతం జీఎస్టీ చేశారు. దాని మీద ఆర్టీఓ ఆఫీసులో కట్టే లైఫ్ ట్యాక్స్ వేరు. ధర 10 లక్షలు దాటితే ఇంకో 1 శాతం టీసీఎస్ కట్టాలి (ఇది మాత్రం ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది). ఇవన్నీ మొదటి ఓనర్ కట్టేశాడు. రెండో ఓనర్ వాటికి పూర్తి విలువ ఇవ్వడు.

రెండో కారణం వారంటీ. వారంటీ అయిపోయిన లగ్జరీ కారంటే జనానికి భయం. కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు ఎక్కువ, కాబట్టి రేటు పడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు కారు విలువను లెక్కగట్టే పద్ధతిలో కూడా ఇది కనిపిస్తుంది. ఆరు నెలల్లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగుదల తీసేస్తారు. ఐదేళ్లు దాటాక కంపెనీ, ఓనర్ మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాలి. ఈ పట్టిక మామూలు కారుకీ లగ్జరీ కారుకీ ఒకటే. మార్కెట్ మాత్రం లగ్జరీ కారును ఇంకా గట్టిగా తగ్గిస్తుంది.

2. విడిభాగాల ధర ఎందుకు పడిపోదు?

అసలు పాయింట్ ఇక్కడ ఉంది. 60 లక్షల కారు 16 లక్షలకు దిగినా, దాని పార్టులు 16 లక్షల కారు పార్టులు అయిపోవు. అవి ఎప్పటికీ 60 లక్షల కారు పార్టులే. కారుకు వయసు వచ్చింది గానీ, రేపు మార్చబోయే హెడ్‌ల్యాంప్ కొత్తదే కదా.

పైగా ఈ కార్లలో పార్టులు చిన్న చిన్న ముక్కలుగా దొరకడం తక్కువ. మామూలు కారులో హెడ్‌లైట్ బల్బు పోతే బల్బు మార్చుకుంటాం. అడాప్టివ్ ఎల్‌ఈడీ ల్యాంప్‌లో చాలాసార్లు మొత్తం సెట్టే మార్చాలి. బంపర్ కూడా ఉత్త ప్లాస్టిక్ కాదు. దాని వెనక పార్కింగ్ సెన్సర్లు, కొన్నిటిలో రాడార్ ఉంటాయి.

ఒక సమస్య ఇంకో సమస్యను ఎలా లాక్కొస్తుందో చెప్పడానికి ఎయిర్ సస్పెన్షన్ మంచి ఉదాహరణ. ఇందులో స్టీల్ స్ప్రింగ్ బదులు గాలి నింపిన రబ్బర్ సంచి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బర్ పగిలి గాలి మెల్లగా లీక్ అవుతుంది. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున్నకి ఒక మూల కుంగి కనిపిస్తుంది. స్టార్ట్ చెయ్యగానే కంప్రెసర్ గాలి నింపుతుంది, కారు మళ్లీ లేస్తుంది. "లేస్తోందిగా" అని వదిలేస్తే రోజూ ఎక్కువసేపు తిరిగి తిరిగి కంప్రెసర్ కాలిపోతుంది. మొదట్లో ఒక సంచితో పోయే ఖర్చు, ఇప్పుడు సంచి ప్లస్ కంప్రెసర్. గోరుచుట్టు మీద రోకలిపోటు.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చూడాలి. ఈ కార్లలో డజన్ల కొద్దీ ఈసీయూలు, అంటే చిన్న కంప్యూటర్లు, క్యాన్ బస్ అనే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటూ ఉంటాయి (క్యాన్ బస్‌ను బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసింది). ఉదాహరణకు చాలా బీఎండబ్ల్యూ కార్లలో బ్యాటరీ మార్చాక ఆ సంగతి కారుకు స్కానర్‌తో రిజిస్టర్ చెయ్యాలి. చెయ్యకపోతే పాత బ్యాటరీ ఇంకా ఉందనుకుని, కారు కొత్త బ్యాటరీని కూడా పాత లెక్కతోనే చార్జ్ చేస్తుంది.

మన బ్రాంచి భాషలో చెప్పాలంటే దీని పేరు టెక్నికల్ డెట్. మొదటి ఓనర్ వాయిదా వేసిన ప్రతి సర్వీసు కారులో అప్పుగా మిగులుతుంది. తీర్చేది రెండో ఓనర్.

3. కాగితం మీద ఒక లెక్క

మా పెదనాన్న గారి అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు 16 లక్షలకు ఏడేళ్ల పాత పెట్రోల్ సెడాన్ ఒకటి చూశాడు. 4 లక్షలు చేతిలో ఉన్నాయి, మిగతాది లోన్. అన్నయ్యా నేనూ కూర్చుని షీట్‌లో వేసిన లెక్క ఇది. వడ్డీ, సర్వీసు లాంటి అంకెలు మేం అనుకున్నవి. మీరు మీ కారుకు, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

లోన్ 12 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు: నెలకు 26,700
పెట్రోల్, నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 10 కిలోమీటర్లు: 10,700
ఇన్సూరెన్స్, ఏడాదికి 60,000: నెలకు 5,000
మామూలు సర్వీసులు, ఏడాదికి 60,000: నెలకు 5,000
టైర్లు: నెలకు 2,000
రిపేర్ల నిధి: నెలకు 15,000
మొత్తం: నెలకు 64,400

రిపేర్ల నిధి 15,000 ఎలా వచ్చిందంటే, కారు కొత్తప్పటి ధర 60 లక్షల్లో ఏడాదికి 3 శాతం తీసుకున్నాం. 16 లక్షల మీద కాదు. రెండో సెక్షన్‌లో చెప్పిన కారణం అదే.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఈఎంఐ మొత్తం ఖర్చులో సగం కూడా లేదు. కానీ అందరూ లెక్కేసేది ఈఎంఐ ఒక్కటే. రెండు, 12 లక్షల లోన్‌కు ఐదేళ్లలో కట్టేది 16 లక్షలు. అంటే 4 లక్షలు వడ్డీకే పోతాయి.

పెదనాన్న ఆ షీట్ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఏరా, కారు కొంటున్నావా, ఇంటికి కొత్త అల్లుణ్ణి తెస్తున్నావా? పండక్కీ పబ్బానికీ మర్యాదలు తప్పేట్టు లేవే" అన్నారు.

4. కారును చూసే పద్ధతి

పాలిష్ కొట్టిన పాత కారు పైన పటారం లోన లొటారం కావచ్చు. అందుకే మూడు రకాల చెక్‌లు చెయ్యాలి.

డేటా చెక్: స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ డాంగిల్ పెడితే ఇంజిన్ ఎర్రర్ కోడ్‌లు ఫోన్‌లో చదవొచ్చు. కోడ్‌లు ఏమీ లేవంటే కారు బాగున్నట్టేనా? కాదు. వాటిని ఒక్క బటన్‌తో క్లియర్ చెయ్యొచ్చు. కానీ క్లియర్ చేస్తే జాడ మిగులుతుంది. రెడీనెస్ మానిటర్లు అని కొన్ని సెల్ఫ్ టెస్టులు ఉంటాయి. కోడ్‌లు తుడిచేస్తే అవన్నీ "ఇంకా పూర్తి కాలేదు" స్థితికి వెళ్లిపోతాయి. మళ్లీ పూర్తి కావాలంటే కారు కొంతకాలం రకరకాలుగా నడవాలి. కోడ్‌లు క్లియర్ చేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చెబుతాయి. అన్నయ్య చూసిన మొదటి కారులో ఆ అంకె 11 కిలోమీటర్లు. "బ్యాటరీ మార్చాం సార్" అన్నాడు అమ్మే అతను. నిజం కావచ్చు కూడా. వారం నడిపాక మళ్లీ స్కాన్ చేయిస్తారా అని అడిగితే ఒప్పుకోలేదు. అన్నయ్య తిరిగొచ్చేశాడు.

ఒక హెచ్చరిక: చవక డాంగిల్ ఎక్కువగా ఇంజిన్ సంగతులే చెబుతుంది. గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్ కోడ్‌లు చదవాలంటే ఆ బ్రాండ్ స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కే వెళ్లాలి. అక్కడే కిలోమీటర్ల రీడింగ్ కూడా సరిచూడొచ్చు. చాలా కార్లలో ఆ సంఖ్య మీటర్‌తో పాటు వేరే ఈసీయూల్లో కూడా దాచి ఉంటుంది. డేటాబేస్‌లో ఒక కాపీ మార్చి మిగతావి మర్చిపోతే ఏమవుతుందో మనకు తెలిసిందే.

నీళ్ల చెక్: 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. మునిగిన కార్లు బాగుచేసుకుని మళ్లీ మార్కెట్‌కు వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు రెయిల్స్‌కు తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి ఉన్నాయేమో చూడండి. లోపలంతా కొత్త కార్పెట్ వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి.

కాగితాల చెక్: ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ వివరాలు కనిపిస్తాయి. లోన్ తీరిపోతే ఫామ్ 35తో హైపోథికేషన్ తీసేయించాలి. ఓనర్‌షిప్ మార్చడానికి ఫామ్ 29, 30 కావాలి. వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే ఫామ్ 28 తేవాలి. మన దగ్గరికి వచ్చే ఢిల్లీ కార్లు చవగ్గా ఉండటానికి ఒక కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్లు తిరగకూడదని ఎన్‌జీటీ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని బలపరిచింది. తర్వాత ఆ నిబంధనల్లో మార్పులు జరుగుతూ వచ్చినా, ఆ భయంతో అమ్మేవాళ్లు ఉన్నారు. మన రాష్ట్రంలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటే ఆ చవక ఎంత మిగులుతుందో ముందే చూసుకోండి.

5. కొన్నాక

ఆయిల్: కొన్ని కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను "లైఫ్‌టైమ్" అంటాయి. కానీ చాలా బీఎండబ్ల్యూలకు గేర్‌బాక్స్ తయారుచేసే జడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది మనం అడగాలి.

టైర్లు: రన్‌ఫ్లాట్ టైర్లున్న కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. పంక్చర్ అయ్యాక సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే వెళ్లొచ్చు.

డీజిల్: రోజూ ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ నిండిపోతుంది. ఆ మసి కాలడానికి ఫిల్టర్ బాగా వేడెక్కాలి, అంటే అప్పుడప్పుడూ హైవే మీద నడపాలి. సిటీలోనే తిరిగేవాళ్లకు పెట్రోల్ నయం.

ఇన్సూరెన్స్: మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకు సగం డబ్బే ఇస్తారు. బంపర్ ప్లాస్టికే కదా. అందుకే పాలసీ ఇచ్చేవాళ్లు ఉన్నంతకాలం జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే వచ్చే నష్టానికి మామూలు పాలసీ వర్తించదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ వేరుగా ఉండాలి. కవర్ ఉన్నా సరే, నీళ్లలో ఆగిన కారును స్టార్ట్ చెయ్యకుండా తోయించండి.

6. ఆరు నెలల పరీక్ష

ఇన్ని చెప్పాక, కొనాలా వద్దా ఎలా తేల్చుకోవాలి? అన్నయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అది అందరికీ పనికొస్తుందని నా అభిప్రాయం. కారు కొనకముందే, కొన్నట్టు అనుకుని, ఆ 64,400 రూపాయలను నెలనెలా వేరే అకౌంట్‌లో వెయ్యడం. ఆరు నెలలు దాన్ని ముట్టుకోకుండా మామూలుగా బతకగలిగితే, ఆ కారు మీ స్థోమతలోనే ఉన్నట్టు. పైగా అప్పటికి చేతిలో 3,86,400 రూపాయలు ఉంటాయి. డౌన్ పేమెంట్ పెంచుకోవచ్చు, లేదా మొదటి పెద్ద రిపేరుకు ఉంచుకోవచ్చు.

అన్నయ్య రెండు నెలలు వేశాడు. మూడో నెలలో పెద్దమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చింది. ఇన్సూరెన్స్ పోను మిగిలింది కట్టడానికి ఆ అకౌంటే అక్కరకొచ్చింది. అదే డబ్బు ఈఎంఐకి పోయుంటే ఏమయ్యేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఈ సంక్రాంతి నుంచి మళ్లీ ఒకటో నెల మొదలుపెట్టాడు. కారు మీద ఇష్టం ఏమాత్రం తగ్గలేదు, షీట్‌లో మాత్రం "ఇల్లు" అని కొత్త వరుస ఒకటి చేరింది.

మీరు కూడా మీ షీట్ వేసుకునేటప్పుడు ముందు ఆ వరుస పెట్టండి. తర్వాత కారు కొత్తప్పటి ధర రాయండి. అమ్మే అతను చెప్పే ధర చివర్లో రాయండి, ఎందుకంటే ఈ మొత్తం లెక్కలో మనం ఒకేసారి కట్టే అంకె అదొక్కటే.